టీయూ-142 చూడ్డానికి వెళ్తున్నారా? ముక్కు కింద ఫొటో దిగి వచ్చేయకండి

విశాఖ ఆర్కే బీచ్ దగ్గరున్న టీయూ-142 విమానం మ్యూజియం చూసొచ్చిన వాళ్ళని ఎలా ఉందని అడిగి చూడండి. "బాగుంది, చాలా పెద్ద విమానం" అంటారు. అంతకు మించి ఇంకో మాట రాదు. వాళ్ళని అనడం ఎందుకు, మొదటిసారి మేమూ అంతే. టికెట్లు తీసుకున్నాం, హాల్లో పెట్టినవి నడుస్తూ నడుస్తూనే చూసేశాం, విమానంలోకి ఎక్కి తోపులాటలో ఒక ఫొటో, దిగి ముక్కు కింద ఇంకో ఫొటో, అరగంట కూడా కాలేదు, పిల్లలు ఐస్‌క్రీమ్ అన్నారు, అయిపోయింది.

రెండోసారి మా పెదనాన్న కూడా వచ్చాడు. రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన విమానం ఎక్కనే లేదు చాలాసేపు. రెక్క కింద నిలబడి మెడ వెనక్కి వంచి చూస్తూనే ఉన్నాడు. పిల్లలు "పెద్ద తాతా, రా" అని చెయ్యి పట్టి లాగితే, "ఉండండ్రా, ముందు ఇది ఎట్లా నిలబడిందో చూడనివ్వండి" అన్నాడు. ఆ రోజు రెండున్నర గంటలు ఉన్నాం అక్కడ. నేను ఇక్కడ చెప్పేవాటిలో సగం ఆయన వేలుపెట్టి చూపించినవి, మిగతా సగం తర్వాత నేను కూర్చుని చదువుకున్నవి.

కథ కొంచెం తెలిసి వెళ్తే చూపు మారుతుంది కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. 1988లో మన నావికాదళం సోవియట్ యూనియన్ నుంచి ఇలాంటివి ఎనిమిది విమానాలు తెచ్చుకుంది. మొదట గోవాలో ఉండేవి, 1992లో అరక్కోణం వెళ్ళాయి. మనవాళ్ళు రేణిగుంట మీదుగా చెన్నై రైల్లో పోతూ దాటే అరక్కోణమే, అక్కడ ఐఎన్ఎస్ రాజాలి అనే నేవీ స్థావరం ఉంది. సముద్రం మీద గంటల తరబడి తిరిగి సబ్‌మెరైన్లను వెతకడం వీటి పని. 29 ఏళ్ళు చేసి 2017 మార్చిలో రిటైరయ్యాయి, వాటి స్థానంలో పీ-8ఐ అనే కొత్త విమానాలు వచ్చాయి. మనం చూసే విమానం ఆ తర్వాతి నెలలో తనంతట తానే ఎగిరి విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాకి వచ్చింది. అక్కడ విడగొట్టి, ముక్కలుగా బీచ్ రోడ్డుకి తెచ్చి, మళ్ళీ బిగించారు. అదే ఏడాది డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. బొమ్మ కాదు, నమూనా కాదు, పనిచేసి అలిసిపోయిన అసలు విమానం. ఈ సంగతి పిల్లలకి లోపలికి వెళ్ళకముందే చెప్పండి, వాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న "మరి రెక్కలెలా పీకారు?" అని. విడదీసి మళ్ళీ బిగించారు కాబట్టి అతుకులు ఎక్కడో వెతకమనండి. పని దొరికింది వాళ్ళకి.

ముందు రోడ్డు దాటండి

ఎదురుగా, సముద్రం వైపు, ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ ఉంటుంది. చాలామంది రెండిటినీ రెండు వేరు వేరు "పాయింట్లు" లాగా చూస్తారు, ఒక్కోసారి టైం లేక ఒకటి వదిలేస్తారు కూడా. నా మటుకు నాకు ఈ రెండూ ఒకే కథలో రెండు సగాలు. ఒకటి దాక్కునేది, ఇంకోటి వెతికేది. దాగుడుమూతల్లో దాక్కున్నవాణ్ణి చూడకుండా ఆటేం అర్థమవుతుంది? కాబట్టి ముందు సబ్‌మెరైన్, తర్వాత విమానం. సోమవారం కురుసురకి సెలవు, మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం నుంచి తెరిచే పద్ధతి ఉంది, సమయాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజు ఒకసారి ఫోన్‌లో చూసుకోండి.

కురుసుర 1969లో నేవీలో చేరింది, 2001లో విరమించింది, 91 మీటర్ల పొడవు. లోపల అందరూ టార్పెడోల దగ్గర ఆగుతారు. ఆగండి, తప్పులేదు, కానీ అసలు చూడాల్సింది ఇంజన్ల గది, బ్యాటరీల సంగతి. ఇది డీజిల్ సబ్‌మెరైన్. నీళ్ళ కింద ఉన్నప్పుడు బ్యాటరీల మీద మోటార్లు నడుస్తాయి, చప్పుడు చాలా తక్కువ. బ్యాటరీలు అయిపోతే మాత్రం పైకి రాక తప్పదు, పూర్తిగా తేలకపోయినా ఒక గొట్టం నీటిపైకి పెట్టి గాలి పీల్చుకుంటూ డీజిల్ ఇంజన్లు నడిపి ఛార్జింగ్ చేసుకోవాలి. మన ఫోన్ కథే. ఆ గొట్టం బయటపెట్టిన సమయమే విమానానికి అవకాశం, పైనున్న వాళ్ళ రాడార్‌కి ఆ కాస్త గొట్టమే దొరుకుతుంది. ఈ ఒక్క ముక్క పిల్లల బుర్రలో పడితే ఎదురుగా ఉన్న విమానంలో ప్రతి వస్తువూ ఎందుకుందో వాళ్ళే చెప్పేస్తారు.

కురుసురలో గైడ్లుగా ఉండేది నేవీలో చేసి రిటైరైన వాళ్ళు. మామూలుగా వరస కదులుతూ ఉంటుంది కాబట్టి వాళ్ళు నాలుగు ముక్కలు చెప్పి పంపిస్తారు, కానీ రద్దీ లేనప్పుడు వెళ్ళి "సార్, మీరు లోపల ఎక్కడ పడుకునేవారు?" అని అడిగి చూడండి. మాకు చెప్పిన ఆయన పది నిమిషాలు ఆపకుండా చెప్పారు, స్నానాల సంగతితో సహా. బోర్డు మీద రాసింది ఎప్పుడైనా చదువుకోవచ్చు, ఈ మాటలు మాత్రం ఆ మనుషులు అక్కడ ఉన్నన్నాళ్ళే.

ఇప్పుడు విమానం. ఎక్కొద్దు, చుట్టూ తిరగండి

దూరంగా నిలబడి మొత్తం ఒకసారి చూడండి. ఈ చివరి నుంచి ఆ చివరికి రెక్కలు 50 మీటర్లు. క్రికెట్ పిచ్ 20 మీటర్లు కదా, అలాంటివి రెండున్నర ఒకదాని కొసన ఒకటి వేసినట్టు. రెక్కలు వెనక్కి వాలి ఉన్నాయి చూశారా, జెట్ విమానాలకి ఉన్నట్టు. కానీ ఇంజన్లకేమో ఫ్యాన్లు. ఈ రెండూ కలిసి కనపడటం చాలా అరుదు. మా పెద్దవాడు "పాత విమానం కాబట్టి ఫ్యాన్లు" అనుకున్నాడు, నేనూ అలాగే అనుకునేదాన్ని. అసలు కారణం వేరే. జెట్ ఇంజన్ అయితే అప్పట్లో ఇంధనం తాగేసేది, సముద్రం మీద అంత దూరం పోయి, గంటల తరబడి తిరిగి, మళ్ళీ ఇంటికి రావాలంటే ప్రొపెల్లరే మేలు. అయినా వేగానికి తక్కువేమీ కాదు, గంటకి 900 కిలోమీటర్ల దాకా పోగలదు. ప్రొపెల్లర్ విమానాల్లో ఇంత వేగం పోయేవి లెక్కకి ఒకటో రెండో.

ప్రొపెల్లర్ల దగ్గర ఓ పది నిమిషాలు గడపండి. ఎవరూ గడపరు. ఒక్కో ఇంజన్‌కి ఎన్ని బ్లేడ్లో పిల్లల్ని లెక్కపెట్టమనండి. నాలుగు అంటారు. "మళ్ళీ చూడు" అనండి. ముందు నాలుగు, వాటి వెనకే ఇంకో నాలుగు, మొత్తం ఎనిమిది. నాలుగు ఇంజన్లకి ముప్పై రెండు. ఇప్పుడు ముందు వరస బ్లేడ్లు ఏ వైపు ఒంపు తిరిగాయో, వెనక వరస ఏ వైపు తిరిగాయో చూడమనండి, ఎదురెదురుగా ఉంటాయి. అంటే ముందుది ఒక వైపు తిరిగితే వెనకది రెండో వైపు తిరుగుతుంది. ఎందుకంటే ఒక్క ప్రొపెల్లరే అయితే అది గాలిని వెనక్కి నెట్టడంతో పాటు సుడి కూడా తిప్పేస్తుంది, ఆ సుడిలో కొంత శక్తి ఊరికే పోతుంది. వెనక వరస ఆ సుడిని సరిచేసి దాన్నీ పనిలోకి తెస్తుంది, పైగా విమానాన్ని పక్కకి మెలితిప్పే బలం కూడా రెండు వైపులా సరిపోయి రద్దవుతుంది. ఇంట్లో చల్ల కవ్వం ఉంటే వివరించడం ఇంకా తేలిక, ఒక్క వైపే తిప్పితే చల్ల కూడా కుండలో అదే వైపు సుడి తిరుగుతుంది, వెన్న రాదు, అందుకే తాడు ముందుకీ వెనక్కీ లాగుతారు.

ఆ బ్లేడ్ల వెడల్పు, ఈ కొస నుంచి ఆ కొసకి, 5.6 మీటర్లు. దాదాపు రెండంతస్తుల ఇల్లంత. నిమిషానికి సుమారు 750 చుట్లు మాత్రమే తిరుగుతాయి, మన సీలింగ్ ఫ్యాన్‌కి రెండింతలు కూడా ఉండదేమో. కానీ అంత పొడవు మీద అంత తిరిగితే, విమానం ముందుకుపోయే వేగం కూడా కలిస్తే, కొసలు ధ్వని వేగాన్ని దాటేస్తాయి. అందుకే ఈ జాతి విమానాల మోత ప్రపంచంలో పేరు పడ్డది, నీళ్ళ కిందున్న సబ్‌మెరైన్ వాళ్ళకి కూడా వినిపించేదని చెబుతుంటారు. వెతికేవాడే గజ్జెలు కట్టుకుని వచ్చినట్టు!

ఒక్కో ఇంజన్ శక్తి సుమారు 15,000 హార్స్‌పవర్. ఈ అంకె వినగానే నాకేమీ అనిపించలేదు, పెద్ద అంకె, అంతే. పెదనాన్న మాత్రం ఆగిపోయాడు. వాళ్ళ షెడ్డులో డబ్ల్యూడీఎం-3ఏ డీజిల్ ఇంజను, ఒక ఎక్స్‌ప్రెస్ రైలు మొత్తాన్ని లాగేది, 3,100 హార్స్‌పవర్. అంటే ఈ రెక్కకి వేలాడే ఒక్కోటీ దాదాపు ఐదు రైలింజన్లు. నాలుగూ కలిపితే పంతొమ్మిది. "పంతొమ్మిది ఇంజన్లు గాల్లో ఎగిరినాయి" అని రెండు మూడుసార్లు తనలో తనే అనుకున్నాడు. మీ ఇంట్లో కూడా ఇలాంటి పెద్దవాళ్ళుంటే, లారీ నడిపిన వాళ్ళు, ఫ్యాక్టరీలో చేసినవాళ్ళు, మోటారు మెకానిక్కులు, వాళ్ళని ముందు పెట్టుకుని నడవండి. వాళ్ళ కళ్ళకి కనపడేది వేరు.

తర్వాత చక్రాలు. పెద్ద చక్రాలు ఎక్కడి నుంచి దిగుతున్నాయో పైకి చూడండి. మనం ఎక్కే విమానాల్లో అవి పొట్టలోకో రెక్క మొదట్లోకో ముడుచుకుంటాయి. ఇందులో లోపలి వైపు ఇంజన్ల వెనకాల, రెక్క వెనక అంచు దాటి, పొడుగాటి కోడిగుడ్డు లాంటి గూళ్ళు ఉంటాయి. కాళ్ళు వెనక్కి మడుచుకుని వాటిలోకి దూరిపోతాయి. దీన్ని తయారుచేసిన టూపొలెవ్ సంస్థ చాలా విమానాలకి ఇదే పద్ధతి వాడింది, కాబట్టి ఒకసారి ఇది గుర్తుపడితే ఎక్కడ ఏ ఫొటోలో చూసినా "ఇది టూపొలెవ్‌ది" అని చెప్పేయొచ్చు. ఒక్కో కాలికి ఎన్ని చక్రాలో లెక్కపెట్టించండి. నిండా ఇంధనంతో లేచేటప్పుడు 185 టన్నుల దాకా బరువు ఆ టైర్ల మీదే.

ముక్కు కింది చక్రం ఉండే గూడు మాత్రం వదలొద్దు. మనల్ని మ్యూజియం వాళ్ళు మెట్లు కట్టి దర్జాగా ఎక్కిస్తారు గానీ, అసలు సిబ్బంది ఎక్కేది ఈ చక్రం గూట్లో ఉన్న మూత లోంచి, నిచ్చెన వేసుకుని. ప్రమాదం వస్తే దూకాల్సింది కూడా అటే. ఫైటర్ విమానాల్లో లాగా సీటుతో సహా పైకి ఎగిరిపోయే ఏర్పాటు ఇందులో లేదు. పారాచూట్ కట్టుకున్న మనిషి నడవలేడు కాబట్టి నేల మీద కదిలే పట్టా ఒకటి పెట్టారు, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులు వచ్చే బెల్ట్ లాంటిది, అది మనిషిని ఆ కంత దాకా లాక్కొస్తుంది. ఇది విన్నాక మావాళ్ళు విమానంలోకి ఎక్కి ముందు నేల వైపు చూడటం మొదలుపెట్టారు.

అందరూ వదిలేసే తోక

ఎందుకోగాని జనం తోక దాకా రారు. ముక్కు దగ్గర గుంపు, రెక్కల దగ్గర పలచబడుతుంది, తోక దగ్గర ఎవరూ ఉండరు, నీడ ఉంటే ఒక కుక్క పడుకుని ఉంటుంది. నన్నడిగితే విమానం మొత్తంలో మంచి భాగం అదే.

తోక చివర్న ఒక చిన్న గది ఉంది, గాజు కిటికీలతో. అక్కడ వెనక్కి తిరిగి కూర్చునే మనిషి ఉండేవాడు, తుపాకీల కోసం. రెండో ప్రపంచ యుద్ధం నాటి పద్ధతి ఈ జాతి విమానాల్లో చివరిదాకా మిగిలిపోయింది. కొంచెం ముందుకి, రెండు పక్కలా కన్నీటి చుక్క ఆకారంలో ఉబ్బిన గాజు బుడగలు కనిపిస్తాయి, బయటికి చూడ్డానికి. వెనక గదికీ ముందు గదికీ మధ్య ఆయుధాలూ పరికరాలూ ఉండే పొట్ట, అందులో గాలి ఒత్తిడి ఉండదు. అంటే ఎత్తులో ఎగిరేటప్పుడు వెనకవాళ్ళు ముందుకి రాలేరు, ముందువాళ్ళు వెనక్కి పోలేరు. పది గంటలు ప్రయాణమైతే పది గంటలూ అక్కడే, వదిలివచ్చిన దారినే చూస్తూ. మా అత్తయ్య ఇది విని, "మరి వాళ్ళకి అన్నం ఎవరు పంపిస్తారు?" అంది. నవ్వాం గానీ, మంచి ప్రశ్న. వెంట తీసుకెళ్ళడమే మరి.

ఇప్పుడు తల ఎత్తండి. నిలువు తోక కొసన వెనక్కి పొడుచుకొచ్చిన ఒక గొట్టం, పెద్ద సూది లాంటిది. చాలామంది యాంటెన్నా అనుకుంటారు. అది అయస్కాంతాన్ని పసిగట్టే పరికరం. భూమికి తనదైన అయస్కాంత క్షేత్రం ఉంది కదా, అంత పెద్ద ఉక్కు సబ్‌మెరైన్ నీళ్ళ కింద ఉంటే ఆ క్షేత్రం అక్కడ కాస్త చెదురుతుంది. ఆ చెదిరిన చోటు మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరితే ఈ సూదికి తెలుస్తుంది. మరి తోక కొసనే ఎందుకు? విమానంలోనే బోలెడంత ఇనుము, ఇంజన్లు, కరెంటు తీగలు ఉన్నాయి, వాటికి వీలైనంత దూరంగా పెట్టాలి కాబట్టి. ఇంటి దగ్గరే పిల్లలకి ఒక చిన్న దిక్సూచి చూపించి, దాని పక్కన కత్తెర పెట్టి ముల్లు కదలడం చూపించి తీసుకెళ్తే, తోక దగ్గర మీరు నోరు విప్పక్కర్లేదు. ఫోన్‌లో కూడా దిక్సూచి ఉంటుంది గానీ ముల్లు ఉన్న అసలుదే బాగుంటుంది.

చుట్టూ తిరిగేటప్పుడు ఇంకో రెండు. రెక్కల వెనక అంచుల్లో చీపురుపుల్లల్లాంటి సన్నటి పుల్లలు కనిపిస్తే, అవి ఎగిరేటప్పుడు విమానం ఒంటికి పట్టే స్థిర విద్యుత్తుని గాల్లోకి వదిలేయడానికి. మీరు ఎక్కే ఇండిగోకి కూడా ఉంటాయి, కిటికీ సీటు దొరికినప్పుడు చూడండి. రెండోది, రేకుల మీద పెయింట్ ఉబ్బిన చోట్లు. సముద్రం వంద గజాల్లో ఉంది, ఉప్పు గాలి రాత్రింబవళ్ళు కొడుతుంది. ఇనుముకైతే ఎర్ర తుప్పు, అల్యూమినియానికి తెల్లటి పొడి లాంటిది పడుతుంది. రెండు రంగులూ వెతికితే ఎక్కడ ఇనుము, ఎక్కడ అల్యూమినియం అని తెలిసిపోతుంది. ఇది పూర్తిగా పెదనాన్న పాఠం.

హాల్లో అద్దాల వెనక

విమానం చుట్టూ తిరిగాక హాల్లో వస్తువులు చూస్తే వాటికి ప్రాణం వస్తుంది. ముందే హాలు చూపించే దారి అయితే ఏం చేయలేం, వేగంగా నడిచి వెళ్ళి, వీలైతే మళ్ళీ వెనక్కి రండి, రద్దీ లేకపోతే అడిగితే రానిస్తారు.

గొట్టాల్లా నిలబెట్టినవి, పెద్ద ఫ్లాస్కుల్లా ఉండేవి, సోనోబాయ్‌లు. ఎవరూ ఆగరు అక్కడ, చూడ్డానికి ఏమీ ఉండదు మరి. అసలు వేట అంతా వాటితోనే. విమానం నుంచి వీటిని చిన్న పారాచూట్‌తో సముద్రంలోకి వదులుతారు. నీళ్ళలో పడ్డాక పైభాగం తేలుతుంది, కింద నుంచి తీగకి కట్టిన మైకు లోతుకి దిగుతుంది. ఆ మైకు విన్న చప్పుడుని పైభాగం రేడియోలో విమానానికి పంపుతుంది. గాలం వేసేవాళ్ళ బెండు గుర్తుందా, నీళ్ళపైన తేలుతూ కింద ఏం జరుగుతుందో చెప్పేది? అదే ఇది, కాకపోతే చేప బదులు సబ్‌మెరైన్. ఇలాంటివి వరసగా కొన్ని వదిలి, ఏ దాంట్లో చప్పుడు గట్టిగా వస్తుందో చూసుకుంటూ చుట్టూ బిగిస్తారు. కొన్ని ఊరికే వింటాయి, కొన్ని తామే "టింగ్" మని చప్పుడు చేసి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటాయి. వాడినదాన్ని మళ్ళీ ఏరుకోరు, పని అయ్యాక మునిగిపోతుంది.

ఫ్లైట్ డేటా రికార్డర్ కూడా చూడండి. బ్లాక్ బాక్స్ అంటాం గానీ వాటికి వేసేది నారింజ రంగు, శిథిలాల్లో తొందరగా కంటపడాలని. సముద్రంలో పడితే బతకడానికి ఇచ్చే సామాను దగ్గర ఒక ఆట ఆడొచ్చు: "వీటిలో మూడే తీసుకోవచ్చంటే ఏవి తీసుకుంటావు?" మా చిన్నది ఆలోచించి ఆలోచించి "అమ్మని" అంది. అది లిస్టులో లేదమ్మా అన్నాం.

ఇక లోపలికి ఎక్కండి. సన్నగా ఉంటుంది, వెనకవాళ్ళు తోస్తారు, ఆగడానికి ఎక్కువ టైం ఉండదు. కాబట్టి ఎక్కే ముందే ఒక్కొక్కరికి ఒక్కో పని ఇచ్చేయండి. ఒకరు రష్యన్ అక్షరాలు వెతకాలి, ఎడంవైపుకి తిరిగిన ఆర్, తిరగబడ్డ ఎన్ కనిపిస్తే అవే. ఒకరు బుల్లి ఫ్యాన్ వెతకాలి, సోవియట్ విమానాల కాక్‌పిట్లలో పైలట్ల కోసం చిన్న టేబుల్ ఫ్యాన్ లాంటిది పెట్టేవాళ్ళు. ఒకరు బయటికి కిటికీ లేని సీటు ఎక్కడుందో చూసి రావాలి. పైలట్లని అందరూ ఊహించుకుంటారు, ఈ విమానంలో అసలు పని సీట్లో కూర్చుని తెర వంక చూస్తూ, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే వాళ్ళది. దిగాక అందరూ ఒకచోట చేరి ఎవరేం చూశారో చెప్పుకోవాలి. అప్పుడు తెలుస్తుంది, నలుగురం కలిసి చూసింది ఒక్కరం చూసినదానికి నాలుగింతలని.

పెద్దవాళ్ళు, పసిపిల్లలు

మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి సబ్‌మెరైన్ కష్టం, గదికీ గదికీ మధ్య వంగి, కాలెత్తి దాటాల్సిన గుండ్రటి ద్వారాలు ఉంటాయి. అలాంటివాళ్ళని మొహమాటపెట్టకండి. విమానం బయట చుట్టూ తిరగడం అందరికీ కుదురుతుంది, నేను చెప్పినవాటిలో ఎక్కువ బయటే ఉన్నాయి. చంటిబిడ్డ ఉంటే లోపలికి ఇద్దరిద్దరుగా వంతులేసుకోండి. ఎండాకాలంలో సాయంత్రం ఐదు దాటాక రండి, మరీ చీకటి పడితే తోక మీది సూది కనపడదు. ఆదివారం సాయంత్రం మాత్రం దండం పెడతాను, వద్దు. ఏదైనా పనిరోజు చూసుకోండి.

పక్కనే సీ హారియర్ కూడా

బీచ్ రోడ్డులోనే సీ హారియర్ ఫైటర్‌ని కూడా పెట్టారు. టీయూ-142 చూశాక ఇది బుడ్డదిగా అనిపించి జనం తేలిగ్గా తీసుకుంటారు. 1983లో మన నేవీకి వచ్చి, విక్రాంత్, విరాట్ నౌకల మీద నుంచి ఎగిరి, 2016లో రిటైరైంది. హెలికాప్టర్‌లాగా నిలువుగా దిగగలదు. ఎలా దిగుతుందో విమానమే చెప్తుంది, చూడగలిగితే. పక్కల్లో, ఒక్కో వైపు రెండేసి, మొత్తం నాలుగు నోళ్ళు ఉంటాయి. ఇంజన్ గాలి వెనకనుంచి కాక వీటిలోంచి వస్తుంది, వీటిని వెనక్కి తిప్పితే ముందుకి పోతుంది, కిందకి తిప్పితే గాల్లో నిలబడుతుంది. ముందు రెంటిలోంచి వచ్చేది చల్లగాలి, వెనక రెంటిలోంచి వచ్చేది మండే గాలి, అందుకే వెనక నోళ్ళ పక్కన రేకు వేరేగా ఉంటుంది, వేడికి తట్టుకునేది. రెక్కల చివర బుల్లి చక్రాలున్నాయి చూడండి, చిన్నపిల్లల సైకిల్‌కి రెండు పక్కలా పెడతాం కదా, అచ్చం అదే పనికి. పెద్ద చక్రాలు పొట్ట కింద ఒకదాని వెనక ఒకటి ఉండటంతో పక్కకి పడిపోకుండా ఆసరా. ముక్కు కొసన, తోక కొసన, రెక్కల కొసల్లో చిన్న కంతలు కూడా ఉంటాయి. గాల్లో నిలబడి ఉన్నప్పుడు రెక్కల మీద గాలి పారదు కాబట్టి మామూలు స్టీరింగ్ పనిచేయదు, ఆ కంతల్లోంచి గాలి చిమ్మి నిలదొక్కుకుంటుంది.

ఇలా ఆగి చూడటం వేరే ఊళ్ళలోనూ పనికొస్తుంది. బెంగళూరులో ఉండే మనవాళ్ళు మారతహళ్ళి వైపు వెళ్ళేటప్పుడు, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ సంస్థ మ్యూజియం దాటుతూనే ఉంటారు. అక్కడ మారుత్ అనే ఫైటర్ ముందు ఆగండి, జర్మన్ ఇంజనీర్ కర్ట్ టాంక్ మన దేశంలో ఉండి తయారుచేయించినది, 1961లో మొదట ఎగిరింది. పక్కనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడి ఉంటుంది, ధ్వని వేగం దగ్గరకి వచ్చేసరికి గాలి అడ్డు తగ్గాలని అలా నొక్కారు. సరిపడా బలమున్న ఇంజన్ దొరక్క ఆ నడుము పూర్తిగా అక్కరకు రాలేదు, అది వేరే బాధ. హెచ్‌టీ-2 అనే చిన్న శిక్షణ విమానం కూడా చూడండి, మనవాళ్ళు గీసి మనవాళ్ళు కట్టి 1951లో ఎగరేసినది, మారుత్ కంటే పదేళ్ళు ముందు. దాని ముందు మాత్రం ఎప్పుడూ ఖాళీయే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలని వర్జీనియాలో డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కనున్న ఉద్వర్-హేజీ సెంటర్ అనే విమానాల మ్యూజియానికి తీసుకెళ్ళడం మామూలే, టికెట్ లేదు, పార్కింగ్‌కి మాత్రం కట్టాలి. డిస్కవరీ స్పేస్ షటిల్ దగ్గర అందరూ సైజు చూసి ఆశ్చర్యపోయి వెళ్ళిపోతారు. దగ్గరికి వెళ్ళి, వేడి నుంచి కాపాడే నల్ల పలకలు చూడండి, దేని నంబరు దానిదే, ఎందుకంటే ఒక్కోటి ఒక్కో ఆకారం, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. పై అంతస్తు నుంచి పాత విమానాలని బాగుచేసే షెడ్డు అద్దాల్లోంచి కనిపిస్తుంది, మా పెదనాన్న లాంటి వాళ్ళని అక్కడ కూర్చోబెడితే మళ్ళీ లేవరు. పనిరోజు వెళ్ళండి, శని ఆదివారాల్లో అక్కడ పనిచేసే వాళ్ళు కనపడటం అరుదు.

విశాఖకి వస్తే, వెంట ఒక నోటు పుస్తకం, పెన్సిలు, దిక్సూచి, నీళ్ళ సీసా. పుస్తకం ఫోన్‌కి బదులు. ఫొటో తీస్తే పిల్లలు ఒక్క సెకను చూస్తారు, బొమ్మ గీయమంటే చక్రాలెన్నో లెక్కపెట్టక తప్పదు. మావాడు ఆ రోజు గీసిన టీయూ-142కి బ్లేడ్లు ముప్పై రెండూ ఉన్నాయి, తోక మీద సూది ఉంది, తోక గదిలో ఒక మనిషి ఉన్నాడు, ఆయన ఒళ్ళో టిఫిన్ క్యారియర్ కూడా ఉంది.